ఏడు ఉత్తరాల తర్జుమా

సోమవారం పొద్దున కోర్టుకు వచ్చేసరికే దుబాసీ బల్ల మీద పసుపుపచ్చ కవరొకటి ఉంది. ఆయన ఉద్యోగం పేరు అనువాదకుడు. కాని ఆ కోర్టులో జవాను దగ్గర్నుంచి జడ్జి దాకా అందరూ దుబాసీగారనే పిలుస్తారు. ఊళ్ళో జనం మాట్లాడేది ఒక భాష, కోర్టు నడిచేది ఇంకో భాష. ఆ రెండింటి మధ్య ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. నిలబడి అన్నది ఊరికే అన్న మాట కాదు, సాక్షి బోను పక్కన దుబాసీకి కుర్చీ వెయ్యరు.

కవరులో ఏడు ఉత్తరాలున్నాయి. అర్జీ పెట్టింది ఎవరో చూడకముందే ఆయనకు తెలిసిపోయింది. నర్సమ్మ. ముప్పై ఏళ్ళు పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు చూసి రిటైరైన మనిషి. పదకొండేళ్ళుగా ఆదివారం పత్రిక చివరి పేజీలో ఆవిడకొక శీర్షిక ఉంది. పసిపిల్లకు పాలెలా పట్టాలి, బాలింత ఏం తినాలి, జ్వరం ఎన్ని రోజులుంటే భయపడాలి, ఇలాంటివే రాస్తుంది. మూడు నెలల కిందట మాత్రం వేరే సంగతి రాసింది. పరాయి మగవాడు, డాక్టరైనా సరే, ఆడమనిషి మీద చెయ్యి వెయ్యకూడదనే గుంపొకటి ఊళ్ళో బలిసింది. వాళ్ళను మార్గం వాళ్ళంటారు. నొప్పులు పడుతున్న ఒక ఇల్లాలిని తీసుకెళ్తున్న అంబులెన్సును, లోపల మగ డాక్టరున్నాడని, వాళ్ళు వీధి మధ్య గంటసేపు ఆపారు. తల్లీ బిడ్డా దక్కలేదు. ఆ గంటలో ఏ నిమిషానికి ఏం జరిగి ఉంటుందో, ఏ నిమిషం దాకా ఇద్దరినీ బతికించే వీలుందో నర్సమ్మ వరసగా రాసింది. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. నిమిషాలు రాసి ఊరుకుంది.

ఆ వారం నుంచే ఉత్తరాలు మొదలయ్యాయి.

రెండేళ్ళ కిందట వచ్చిన చట్టమొకటుంది. మాట రక్షణ చట్టమంటారు. మాట్లాడినందుకో రాసినందుకో ఎవరినైనా బెదిరిస్తే ఆ మనిషి నేరుగా కోర్టుకు రావచ్చు. అది బెదిరింపేనని జడ్జికి తోస్తే చాలు, బెదిరించినవాళ్ళు ఆ మనిషి ఛాయలకు రాకూడదు, ఇంటికి కాపలా పెడతారు, రాతను అచ్చు కాకుండా అడ్డుకుంటే జైలు. చట్టం వచ్చిన రోజు స్టాఫు గదిలో అందరూ దాన్ని మెచ్చుకున్నారు. ఆ కోర్టులో దాని కింద ఒక మనిషి అర్జీ పెట్టడం మాత్రం ఇదే మొదలు.

దుబాసీ తెల్లకాగితం తీసి, చెక్క స్కేలుతో రెండు గీతలు నిలువుగా గీశాడు. ఎడమవైపు అసలు మాట, మధ్యలో కోర్టు భాషలో తర్జుమా, కుడివైపు బెత్తెడు మార్జిను. ఆ మార్జిను ఆయన సొంత అలవాటు. జాతీయం వచ్చినచోట ఉట్టి మాటలు పెడితే అర్థం కాదు కనుక అక్కడ సన్నగా ఒక గమనిక రాస్తాడు. ముందు పెన్సిలుతో రాసుకొని, తరవాత సిరాతో శుభ్రమైన ప్రతి తీస్తాడు. గట్టు తగాదాలో "వాడు నా కడుపు కొట్టాడు" అని ఒక రైతు రాసుకున్న అర్జీకి, కొట్టింది కడుపు మీద కాదని, జీవనాధారం తీసేశాడని ఆయన గమనిక రాయకపోతే అది దెబ్బల కేసయి కూర్చునేది. ఆ ముచ్చట ఆయన కొత్త గుమాస్తాలందరికీ చెబుతాడు.

ఉత్తరాలు చక్కని చేతిరాతతో ఉన్నాయి. అన్నింటి కిందా ఒకటే సంతకం, "మీ మేలు కోరే మార్గీయులు." మొదటిదాంట్లో, "అమ్మా, మీ రాతలు చదువుతున్నాం. ఒళ్ళు దగ్గర పెట్టుకొని రాయండి" అని ఉంది. మూడోదాంట్లో, "మీ మనవరాలు బడి నుంచి వచ్చేది కాలవగట్టు మీదనే కదా. చిన్నపిల్ల, చల్లగా ఉండాలి." అయిదోదాంట్లో, "ఎన్ని కాన్పులు చేసిన చేతులో. ఆ చేతులు పదికాలాలపాటు మీ ఒంటికే ఉండాలని మా కోరిక." ఏడోది ఒకటే వాక్యం: "ఈ ఊళ్ళో మీకు నూకలు చెల్లినట్టున్నాయి."

రాసినవాడెవడో గాని భాష బాగా తెలిసినవాడు. ఒక్క తిట్టు లేదు, ఒక్క చెడ్డమాట లేదు. కోర్టు భాషలో పెడితే అన్నీ దీవెనలే. అందుకే ఆ రోజు మార్జిను నిండిపోయింది. ఏడో ఉత్తరం పక్కన ఆయన మూడుసార్లు చెరిపి రాశాడు. చివరికి, "నూకలు చెల్లడమంటే ఆయువు తీరడం. చావు తప్పదని చెప్పే మాట. ఇక్కడ చంపుతామనే అర్థం" అని తేల్చాడు. ఎంత తక్కువ మాటల్లో ఎంత చెప్పానో అని చూసుకొని కాస్త మురిసిపోయాడు కూడా.

మంగళవారం సాయంత్రం ఎప్పటిలాగే కూతురి కొట్టులో కూర్చున్నాడు. ఆ అమ్మాయిది కళ్ళజోళ్ళ దుకాణం. వీధివైపు నిలువెత్తు అద్దాలు, లోపల గోడలకు అద్దాల అరలు. ఆవిడ లోపలి గదిలో ఒక ముసలాయనకు అక్షరాల పలక చూపిస్తోంది. దుబాసీ ఫ్రేములు తుడుస్తున్నాడు. యాభై ఏళ్ళ మనిషి ఒకాయన లోపలికి వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో గొడుగు, బడిపంతులులా ఉన్నాడు. ఒక ఫ్రేము అడిగి పెట్టుకొని, అద్దంలో అటూ ఇటూ చూసుకుంటూ, దుబాసీగారూ బాగున్నారా అని పలకరించాడు. కోర్టులో ఎక్కడో చూసిన ముఖమేనేమో అనుకొని ఈయనా బాగున్నానన్నాడు.

ఆయన ఫ్రేము తీసి, ముడిచి, దుబాసీ అరచేతిలో పెట్టాడు.

"అమ్మాయి కొట్టు చక్కగా పెట్టుకుంది. ముందంతా అద్దాలే. సున్నితమైన వ్యాపారం కదండీ, చూసుకుంటూ ఉండాలి. మీరూ రేపు కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు. లేని అర్థాలు మనకెందుకు?"

అని గొడుగు చంకన పెట్టుకొని వెళ్ళిపోయాడు. లోపల్నుంచి కూతురు, ఎవరు నాన్నా అని అడిగింది. ఎవరో, ఫ్రేము నచ్చలేదట అని చెప్పాడు. అప్పటికి ఆయన తుడిచిన ఫ్రేమునే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు.

బుధవారం పొద్దున శుభ్రమైన ప్రతి తీయడానికి కూర్చున్నాడు. ఎడమవైపు గడి నింపాడు, మధ్య గడి నింపాడు. మార్జిను దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. సొరుగులోంచి అనువాదకుల నియమావళి తీసి చూశాడు. ఏళ్ళ తరబడి తెరవని పుస్తకం. తొమ్మిదో నియమం: అనువాదకుడు చేర్చరాదు, తీసివేయరాదు, వ్యాఖ్యానించరాదు. గమనిక రాయమని అందులో ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ చేసిందే నియమానికి విరుద్ధమేమో అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నకొద్దీ అది నిజంలా వినిపించింది. పెన్సిలు ప్రతిని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నాడు. శుభ్రమైన ప్రతి మీద మార్జిను గీతే గీయలేదు. కింద, "నాకు తెలిసినంతవరకు యథాతథం" అని ఎప్పుడూ రాసే మాటే రాసి సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం కేసు పిలిచారు. జడ్జిగారు వేరే ప్రాంతం నుంచి ఏడాది కిందట వచ్చిన ఆవిడ. ఊరి భాష రాదు. నర్సమ్మకు ప్రభుత్వం తరఫున ఇచ్చిన లాయరమ్మకు కూరగాయలు బేరమాడేంత వచ్చు. మార్గం వాళ్ళ లాయరు మాత్రం ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. ఆయన తర్జుమా కాగితం చేతిలోకి తీసుకొని, పై నుంచి కింది దాకా ఒకసారి చూసి, తల పైకెత్తి దుబాసీకి చిన్నగా తల వంచాడు. ఆ గౌరవం దుబాసీకి వీపు మీద చరిచినట్టు తగిలింది.

జడ్జిగారు ఉత్తరాలు ఒక్కొక్కటే చదివారు. మొదటిదాంట్లో, రాసినవాళ్ళు ఆరోగ్యం చూసుకుంటూ రాయమన్నారు. మనవరాలు క్షేమంగా ఉండాలన్నారు. చేతులు చిరకాలం ఉండాలన్నారు. ఏడోది చదివి కళ్ళజోడు సవరించుకున్నారు. అక్కడ, "ఈ పట్టణంలో మీకు రావలసిన బియ్యపు నూక అయిపోయినట్లున్నది" అని ఉంది. ఇదేమైనా రేషను తగాదానా అని ఆవిడ నిజంగానే అడిగారు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వు ఆపుకున్నారు. లాయరమ్మ తన ఫైలులో రేషను గురించి ఏమైనా ఉందేమోనని గబగబా తిప్పి చూసింది.

జడ్జిగారు దుబాసీ వైపు తిరిగారు. ఈ మాటలకు రాసినది కాక ఇంకేమైనా అర్థముందా అని కోర్టు భాషలో అడిగారు. ఇలా అడగడం జడ్జిలకు అలవాటు. చెప్పడం ఆయనకు అలవాటు. ఆ ఒక్క క్షణంలో ఆయనకు అరచేతిలో ఫ్రేము బరువు తెలిసింది.

"మాటకు మాట ఇంతేనండి" అన్నాడు.

నర్సమ్మకు ఇదేమీ అర్థం కాలేదు. బోనులో కొయ్య పట్టుకొని ముందుకు వంగి, ఏమంటున్నారు నాయనా అని దుబాసీని అడిగింది. ఇంత మంచి మాటలకు మీరు భయపడుతున్నారా అని అడుగుతున్నారమ్మా అని చెప్పాడు. ఆవిడ జడ్జి వైపు చూడలేదు. ఆయన ముఖంలోకే చూసింది. ముప్పై ఏళ్ళు నొప్పులు పడేవాళ్ళ ముఖాలు చూసి ఎంత దాకా వచ్చిందో చెప్పిన మనిషి.

"మీరు చదివారు కదా నాయనా. మీకు తెలియలేదా?"

దాన్ని ఆయన కోర్టు భాషలోకి తిప్పి, అర్థం ఉత్తరాల్లోనే స్పష్టంగా ఉందని అర్జీదారు అంటున్నారు అని చెప్పాడు. స్టెనో అలాగే రాసుకుంది.

శుక్రవారం తీర్పు వచ్చింది. అయిదు పేజీలు. శుభాకాంక్షలు, ఆరోగ్య సలహా, ఆహారధాన్యాల ప్రస్తావన తప్ప ఈ లేఖల్లో బెదిరింపేదీ కనబడదు కనుక అర్జీ కొట్టివేయడమైనది. తీర్పును అర్జీదారు భాషలోకి మార్చి ఇవ్వాలని చట్టం. అంటే ఆ పనీ దుబాసీదే. ఉత్తరాల మాటలు తీర్పులో ఉన్నాయి గనుక, వెనక్కి మార్చేటప్పుడు అసలు మాటలే పెట్టాలి. అలా పెట్టుకుంటూ పోతే నాలుగో పేజీలో ఈ వాక్యం తేలింది: "మీకు నూకలు చెల్లినట్టున్నాయి అని చెప్పడంలో అర్జీదారు భయపడవలసినదేమీ లేదు."

ఆయన కలం మూత పెట్టాడు. ఊరి భాష వచ్చిన ఏ మనిషి చదివినా నవ్వాలి, లేకపోతే ఏడవాలి. ఇన్నేళ్ళ చాకిరీలో తాను రాసిన అన్నిటికన్నా తప్పుడు వాక్యం అది, అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

తీర్పు కాపీ ఇచ్చి రావడం జవాను పని. దారిలోనే కదా అని చెప్పి దుబాసీ తానే పట్టుకెళ్ళాడు. నర్సమ్మ ఇల్లు మేడ మీద రెండు గదులు. మెట్ల మలుపులో పిల్లల చెప్పులు, గోడకు ఆనించిన చిన్న సైకిలు. ఆవిడ తలుపు తీసి, ఎవరో చూసి, రండి అని కుర్చీ లాగింది. మంచినీళ్ళిచ్చింది. కిటికీ దగ్గర నిలబడి అయిదు పేజీలూ చదివింది. నాలుగో పేజీ దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఆ పేరా చదివింది. తరవాత కాగితాలు బల్ల మీద సమంగా తట్టి పెట్టింది.

"మీకూ ఉత్తరం వచ్చిందా?"

ఆయన అబద్ధం చెబుదామనే నోరు తెరిచాడు. "ఉత్తరం కాదమ్మా. మనిషే వచ్చాడు" అన్నాడు.

తరవాత అంతా చెప్పాడు. కొట్టు, గొడుగు మనిషి, అద్దాలు, మార్జిను. చిత్రమేమిటంటే ఆవిడకు కోపం రాలేదు. వస్తే బాగుండునని ఆయన ఎదురుచూశాడు. మరి దీన్ని సరిచేసే దారి లేదా అని మాత్రం అడిగింది. ఉందన్నాడు. తీర్పు వచ్చిన ఏడు రోజుల్లోపు అనువాదకుడు తన తప్పు తాను ఒప్పుకొని సవరణ పత్రం ఇస్తే జడ్జి కేసు మళ్ళీ తెరవచ్చు. ఇస్తే ఉద్యోగం పరిస్థితేమిటో మాత్రం చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

ఆవిడ తాననుకున్నది చెప్పింది. ఆదివారం తన శీర్షికలో ఎడమవైపు ఏడు ఉత్తరాలు, కుడివైపు తీర్పు, పక్కపక్కన వేసేస్తుంది. సొంత మాట ఒక్కటి కూడా కలపదు. చదివేవాళ్ళకు ఆ మాత్రం చాలు. అర్జీ కొట్టేశారని తెలియగానే అడిగితే ఎడిటరు సరేనన్నాడట.

"తీర్పు కింద మీ సంతకం కూడా పడుతుంది. రేపు మధ్యాహ్నానికి ప్రెస్సుకు పంపాలి. ఈ లోపల మీ అంతట మీరే ఇచ్చేస్తే నేనది వెయ్యను. తప్పు దిద్దుకున్న మనిషిని బజారున పెట్టడం నాకిష్టం లేదు."

రేపు శనివారం ఒక పూట కోర్టు ఉంది, పొద్దున్నే ఇచ్చేస్తానన్నాడు. మెట్లు దిగుతుంటే ప్రాణం తేలికపడినట్టనిపించింది. ఇంటికెళ్ళి సవరణ పత్రం రాశాడు. పెన్సిలు గమనికలన్నీ సిరాలో ఎక్కించాడు. బాగా కుదిరింది.

శనివారం పది గంటలకు సూపరింటెండెంటు బల్ల ముందు నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే బ్యాచి. సూపరింటెండెంటు ఏదో పాత ఫైలు దుమ్ము దులుపుతూ, ఏంటి దుబాసీ, పొద్దున్నే పెళ్ళికొడుకులా వచ్చావు అని నవ్వాడు. దుబాసీ సంచిలో చెయ్యి పెట్టాడు. కవరు వేళ్ళకు తగిలింది. ఇరవై ఆరేళ్ళలో చేసిన ప్రతి తర్జుమానూ ఇక అనుమానిస్తారు కదా అనిపించింది. పింఛనుకు మూడేళ్ళుంది కదా అనిపించింది. కొట్టు అద్దాలు మళ్ళీ కళ్ళ ముందు మెరిశాయి. చెయ్యి బయటికి వచ్చేసరికి అందులో కవరు లేదు. వచ్చే వారం రెండు రోజులు సెలవు కావాలని నోటిమాటగా అడిగాడు. దానికింత మొహమాటమెందుకయ్యా అని సూపరింటెండెంటు రిజిస్టరులో రాసుకున్నాడు.

పన్నెండు, ఒంటి గంట. కోర్టు మూసేదాకా సంచి భుజానే ఉంది. ప్రెస్సుకు పంపే వేళ అయిపోయిందని గడియారం చూసి తెలుసుకున్నాక, ఇక చెయ్యగలిగిందేముంది అనుకున్నాడు. అందులోనూ ఒక రకం నిమ్మళముంది.

ఆదివారం పత్రిక వచ్చేసరికి ఆయన కొట్టు మెట్ల మీదే ఉన్నాడు. ముందు పేజీలు చూడకుండా చివరి పేజీ తిప్పాడు. నర్సమ్మ శీర్షిక ఉంది. దాని కింద ఉత్తరాలు లేవు, తీర్పు లేదు. నాలుగు వరసలున్నాయి. పదకొండేళ్ళు ఈ చోటిచ్చిన పత్రికకు, చదివిన తల్లులకు కృతజ్ఞతలు. కంటిచూపు మందగించింది. ఇక రాయలేను. సెలవు.

ఆయనకు ముందు కలిగింది సంతోషం. గుండెల మీద కుంపటి దించినట్టయింది. లోపలికెళ్ళి కాఫీ అడిగి తాగాడు, రెండోసారి కూడా పోయించుకున్నాడు. కూతురు పత్రిక తీసుకొని చివరి పేజీ చూస్తూ నొచ్చుకుంది.

"పాపం, చూపు తగ్గిందట నాన్నా ఆవిడకు. ఒక్కసారి మన కొట్టుకొస్తే చూసి అద్దాలిచ్చేదాన్ని కదా. దీనికే రాయడం మానేస్తారా?"

గ్లాసు కింద పెట్టబోతే బల్ల అంచుకు తగిలి ఒలికింది. కూతురు గుడ్డ తెచ్చి తుడుస్తుంటే, ఆవిడ చూపుకేమీ కాలేదమ్మా అని మొదలుపెట్టి ఆయన జరిగిందంతా చెప్పేశాడు. నీ కొట్టు కోసమే అన్నాడు చివర్న. ఆ మాట దగ్గర కూతురు తుడవడం ఆపింది. తలెత్తింది. గొంతు పెంచలేదు.

"నన్నడిగారా మీరు? కొట్టు నాది. అద్దాలు పగిలితే మళ్ళీ వేసుకుంటానో, మూసుకుంటానో నేను చూసుకునేదాన్ని. మీ భయానికి నా పేరు పెట్టారు."

శనివారం సూపరింటెండెంటు ముందు తలుచుకున్నవాటిలో కొట్టు మూడోది.

మధ్యాహ్నం నర్సమ్మ ఇంటికి వెళ్ళాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల మలుపులో సైకిలు లేదు. ఆవిడ నేల మీద కూర్చొని, పిల్ల బట్టలు మడిచి పెట్టెలో సర్దుతోంది. కొడుకు కుటుంబం ఇంకో ఊళ్ళో ఉంటుంది. పిల్లను ఇన్నాళ్ళూ చదువు కోసం తన దగ్గర ఉంచుకుంది. రేపు పొద్దున బండికి ఇద్దరూ అక్కడికి వెళ్ళిపోతున్నారు. శుక్రవారం తీర్పు సంగతి తెలిసిన గంటకే మార్గం వాళ్ళ మనిషొకడు బడి గేటు దగ్గర నిలబడి పిల్లకు మిఠాయి ఇచ్చాడట. కోర్టే చెప్పింది కదా పాపా, మేం మీ మేలు కోరేవాళ్ళమని అన్నాడట. ఇదంతా ఆవిడ బట్టలు మడుస్తూనే చెప్పింది. చిన్న చొక్కా చేతులు లోపలికి మడిచి, అరచేత్తో ఒత్తి, ఒకదాని మీద ఒకటి పేర్చింది.

మరి ఉత్తరాలెందుకు వెయ్యలేదని ఆయన అడిగాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"నిన్న మధ్యాహ్నం దాకా చూశాను. కబురు రాలేదు. వేసేద్దామనే కాగితాలు కవరులో పెట్టాను" అంది ఆవిడ. "మీ అమ్మాయిది అద్దాల కొట్టని చెప్పారు కదా. నా పిల్లను నేను తీసుకొని పోతున్నాను. ఆ పిల్ల కొట్టెక్కడికి తీసుకుపోతుంది?"

రేపు పత్రం ఇస్తాను, మీరు ఒక్క రోజు ఆగండి, ఈసారి తప్పదు అన్నాడు. ఆయన గొంతు ఆయనకే నమ్మకంగా వినిపించలేదు. ఇవ్వండి నాయనా, రేపు ఇంకొకరెవరైనా వస్తే వాళ్ళకు పనికొస్తుంది అని చెప్పి, ఆవిడ పెట్టె మూత వేసింది. మూత పడకపోతే ఆయన దాని మీద చెయ్యి వేసి నొక్కాడు. ఆవిడ గొళ్ళెం పెట్టింది. ఆవిడకు ఆయన చేసిన సాయమల్లా అదే.

సోమవారం కోర్టు మొదలవకముందే సవరణ పత్రం సూపరింటెండెంటు చేతికిచ్చాడు. ఆయన నిలబడి చదివాడు, కూర్చొని మళ్ళీ చదివాడు. నీకేమైనా పిచ్చా అని మెల్లగా అడిగి, జవాబు కోసం చూడకుండా లోపలికి పట్టుకెళ్ళాడు. పదకొండింటికి జడ్జిగారు కేసు పిలిపించారు. మార్గం వాళ్ళ లాయరు లేచి, తొమ్మిదో నియమం చదివి, ఇరవై ఆరేళ్ళ అనుభవమున్న మనిషి ఒక్క వారంలో భాష మరిచిపోయి మళ్ళీ నేర్చుకున్నాడా అని అడిగాడు. జడ్జిగారు ఆయన్ని కూర్చోమన్నారు. ఏడు ఉత్తరాలూ మళ్ళీ చదవమని, ఈసారి ఊరివాళ్ళు విన్నట్టు వినిపించమని దుబాసీకి చెప్పారు.

చదివాడు. ముందు ఊరి భాషలో, వెంటనే కోర్టు భాషలో. తప్పుగా రాస్తే దెబ్బ తింటావు. నీ మనవరాలు ఏ దారిన వస్తుందో మాకు తెలుసు. నీ చేతులు నరుకుతాం. నీకు చావు దగ్గరపడింది. స్టెనో కళ్ళెత్తకుండా రాసుకుపోతోంది. వెనక బెంచీల్లో ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. వాళ్ళకిది కొత్త సంగతీ కాదు. ఆ భాష వాళ్ళదే. బుధవారం కూడా వాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు.

జడ్జిగారు కాసేపు తీర్పు కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పారు. తాను సంతకం పెట్టిన పేజీ దగ్గర ఆగారు. తరవాత లాయరమ్మను అర్జీదారు ఏరని అడిగారు. పొద్దుటి బండికి వెళ్ళిపోయారని ఆ అమ్మాయి చెప్పింది. స్టేషను నుంచి ఫోనులో మాట్లాడారట. ఇక రాయడం లేదు కాబట్టి ఏ రక్షణా అక్కర్లేదన్నారట. చట్టం పుస్తకం తెరిచి, రక్షణ కోరే మనిషి కోరితేనే ఇవ్వాలన్న సెక్షను కూడా ఆ అమ్మాయే చదివి వినిపించింది.

రాయడం మానేసిన మనిషి మాటకు ఇప్పుడు నేనేం రక్షణ ఇవ్వాలి అన్నారు జడ్జిగారు. ఎవర్నీ అడిగినట్టు లేదు.

పాత తీర్పు రద్దు చేస్తున్నట్టు, ఉత్తరాలు పంపినవాళ్ళ మీద పోలీసులు విచారణ చెయ్యాలని, అనువాదకుణ్ణి విచారణ ముగిసేదాకా పనిలోంచి తప్పిస్తున్నట్టు చెప్పి రాయించారు. మూడోది చెప్పేటప్పుడు ఆవిడ దుబాసీ వైపే చూశారు. మార్గం వాళ్ళ లాయరు ఫైలు కట్టుకొని బయటికి నడిచాడు. అప్పుడు జడ్జిగారు కలం పక్కన పెట్టి, రికార్డులోకి వద్దని స్టెనోకు సైగ చేసి, మామూలు గొంతుతో అడిగారు.

"బుధవారం నేను మిమ్మల్ని అడిగాను కదా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

సాకుగా చెప్పుకోవడానికి దుబాసీకి నియమావళి ఉంది, కొట్టు ఉంది, పింఛను ఉంది. ఏదీ నోటికి రాలేదు.

"నాకు అర్థమైంది కాబట్టేనండి" అన్నాడు.

జడ్జిగారు కలం మళ్ళీ తీసుకున్నారు. గుమాస్తా తరవాతి కేసు పిలిచాడు. ఎవరో పెద్దాయన బోనెక్కి, ఊరి భాషలో తన గోడు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. దాన్ని కోర్టుకు చెప్పే మనిషి లేక అందరూ ఆయన ముగించేదాకా ఊరికే వింటూ కూర్చున్నారు.